రెండు గుట్టల నడుమ ఊట

చాక్లెట్టు గిన్నె వెళ్ళి గోడకు తగిలి ముక్కలైంది. తెల్లటి సున్నం మీద గోధుమరంగు చారలు మెల్లగా కిందికి జారాయి.

"నా ఇంట్లో తిని నా ఇంటి వాసాలే లెక్కపెట్టాడు!" ఎదువిహెస్ దొరసాని గొంతు వరండా దాటి పశువుల దొడ్డిదాకా వినిపించింది. "చెప్పవే సెరాఫీనా! నీ మొగుడు ఊట లోయలో గుంజలు పాతించుకున్న సంగతి నీకెప్పటినుంచి తెలుసు?"

సెరాఫీనా తలుపు దగ్గరే నిలబడిపోయింది. చంకలో ఉన్న రెండేళ్ళ పిల్ల అమ్మమ్మ అరుపుకు బెదిరి తల్లి మెడలో మొహం దాచుకుంది.

"నోట్లో ఏం పెట్టుకున్నావు? ఆ అమెరికా యాంకీని కట్టుకున్నాక మన భాష కూడా మరిచిపోయావా?"

బెనిగ్నా నేలమీద కూర్చుని గిన్నె ముక్కలు ఏరుతోంది. చెల్లెలి వైపు కావాలనే చూడలేదు. చూస్తే తనేం అంటుందో తనకే తెలియదు.

నిన్న ఆవుల్ని ఊటకు తోలుకెళ్ళింది ఆమే. తడి ఆరని నాలుగు గుంజలు, ఒక గుంజకు కొట్టిన చెక్క, ఆ చెక్కమీద ఇనుముతో కాల్చిన పేరు ఆమె కళ్ళారా చూసింది. అది ప్రూయిట్ పేరు. ఈ ఇంటి అల్లుడి పేరు. పోయిన ఏడాది ఈ వాకిట్లోనే దూడను కోసి, గిటారు వాయించి, "ఈ భూమిని నా ప్రాణంలా కాపాడతాను" అన్న మనిషి పేరు.

"అమ్మా, కాలు తెగుతుంది. అటు జరుగు," అంది బెనిగ్నా.

"తెగనీ! ఇంకేం మిగిలిందని తెగకుండా చూసుకోవడం? మీ నాన్నకు గవర్నరు ఇచ్చిన భూమి. వాగు నుంచి గుండ్రటి గుట్టదాకా. ఈ గ్రుయాస్ లోయలో మొదట మంద తోలింది మేం. మెక్సికో పోయి అమెరికా వచ్చింది, సరే అన్నాం. రుజువులు చూపమన్నారు, చూపాం. మీదే అని కోర్టు ఒప్పుకుంది. ఇంత చేసి, హద్దు గీత గీసే రోజున గీతను జరిపేవాడు మన మంచం మీదే పడుకున్నాడా?"

గీత గీసే రోజు ఇవాళే. మధ్యాహ్నం ఎండ వాలేసరికి సర్వే దొర ఊట దగ్గరికి వస్తాడు. పట్టాలో ఉన్నది 'గుండ్రటి గుట్టదాకా' అన్న ఒక్క మాట. అక్కడున్నవేమో రెండు గుట్టలు. ఊటకు ఇవతల, ఇంటి వైపు ఒకటి, అవతల ఒకటి. రెండూ గుండ్రటివే. అవతలి గుట్ట అయితే ఊట, దాని లోయ ఈ ఇంటివి. ఇవతలి గుట్ట అయితే లోయంతా సర్కారుది. సర్కారు భూమిలో ముందుగా గుంజ పాతినవాడిదే హక్కు.

ప్రూయిట్ ముందుగానే పాతాడు.

* * *

వంటింట్లో మొక్కజొన్న ఉడుకుతోంది. సెరాఫీనా పిల్లను కింద దింపి, పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూలబడింది.

"తెలుసక్కా. పాతబోతున్నాడని వసంతం నుంచి తెలుసు," అంది.

బెనిగ్నా గరిటె పక్కన పెట్టింది. "వసంతం నుంచి! నాలుగుసార్లు కలిసి చర్చికి వెళ్ళాం. ఒకే పీట మీద మోకరిల్లాం. నా పక్కన కూర్చుని ఏం ప్రార్థించావే?"

"అరవకు, పిల్ల భయపడుతుంది."

"పిల్లకే భయమా! నీకు లేదా?"

"ఎటూ పోయే భూమేనన్నాడు అక్కా. చుట్టుపక్కల ఎన్ని మందలు పోలేదు, ఎన్ని పట్టాలు పోలేదు? ఊరూపేరూ లేనివాడికి పోయేబదులు మన మనిషికి దక్కితే తప్పేమిటన్నాడు."

"మన మనిషి! మరి ఆ మన మనిషి మన కంటపడకుండా ఎందుకు పాతాడు గుంజలు? దొంగ కోడిని పట్టినట్టు చీకట్లో ఎందుకు పాతాడు?"

సెరాఫీనా మొహం ఎర్రబడింది. "నీకేం తెలుసు? నువ్వు పొలాన్ని పెళ్ళాడావు. నేను మనిషిని పెళ్ళాడాను. పొలం రాత్రి పూట నీతో మాట్లాడదు. మాట్లాడనని మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకోదు. 'నీ వాళ్ళా, నేనా' అని అడగదు."

"అడిగితే ఏం చెప్పావు?"

 కుండలో నీళ్ళు పొంగి నిప్పుమీద పడి చుయ్యిమన్నాయి.

"ఏమీ చెప్పలేదు."

"అదే చెప్పడమంటే," అంది బెనిగ్నా. "ఈ మధ్యాహ్నం ఇంగ్లీషు తెలిసిన నోరు మన ఇంట్లో నీదొక్కటే. అక్కడ కూడా ఏమీ చెప్పకుండా నిలబడతావు కాబోలు."

* * *

ప్రూయిట్ ఊరికే లేడు. ఇవతలి గుట్టే హద్దని ప్రమాణం చెయ్యడానికి ఇద్దరు యాంకీలను సిద్ధం చేసుకున్నాడు. ఇంటివాళ్ళ మాటకు తోడు, మొదట హద్దు కొలిచిన రోజున అక్కడున్న బయటి మనిషి ఒకరు కావాలన్నాడు సర్వే దొర. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో బతికున్నది ఒక్క తొమాసా.

తొమాసా ఈ ఇంట్లోనే ముసలిదైంది. సెరాఫీనాకు పాలిచ్చింది, ఇద్దరినీ పెంచింది. ఊట లోయలో పుట్టిన ఇండియన్ మనిషి, ఆ నేల ఆదివాసి. ఇప్పుడు దొడ్డి వెనక, తోళ్ళు ఆరవేసే చోట ఒక చాపల పాకలో ఉంటోంది. బెనిగ్నా వెళ్ళేసరికి తోలుమీద ఉప్పు రుద్దుతోంది.

"తొమాసా, తాడు పట్టి కొలిచిన రోజు నువ్వున్నావు కదా."

"ఉన్నాను. మీ గుర్రాలు మా ఊళ్ళోంచే కదా పోయాయి. ఉండక ఎక్కడికి పోతాను?"

"ఏ గుట్ట?"

"అవతలిది."

బెనిగ్నా ప్రాణం లేచి వచ్చింది. "ఆ మాట సర్వే దొర ముందు చెబితే చాలు. నువ్వు బండిలోనే రా, నడవక్కర్లేదు. చెప్పి వచ్చేద్దువు గాని."

తొమాసా ఉప్పు చేతులు దులుపుకొంది. లేవలేదు.

"సగం చెప్పి రమ్మంటారా అమ్మాయిగారూ?"

"సగమేమిటి?"

"పట్టా ఇచ్చిన రోజు న్యాయాధికారి గుర్రం మీద నిలబడి చదివాడు. ఊట దగ్గరి జనాన్ని కదిలించరాదు, వాళ్ళ ఇళ్ళు వాళ్ళవే అని. మా అన్న దాన్ని మా భాషలో అందరికీ చెప్పాడు. ముసలాళ్ళు ఏడ్చారు. మమ్మల్ని ఏలిన మిషన్ చర్చి పాదిరీలు వెళ్ళిపోయాక మాకు మిగిలింది ఆ ఊటే. నాలుగు వానలు తిరిగాయో లేదో, మీ నాన్న మంద పెరిగింది. మంద పెరిగాక మా ఇళ్ళు అడ్డమయ్యాయి. నిప్పు పెట్టించాడు."

 బెనిగ్నాకు చిన్నప్పుడు తండ్రి జీనులో ముందు కూర్చున్న రోజు గుర్తొచ్చింది. లోయలోంచి నల్లటి పొగ లేచింది. "ఏంటి నాన్నా అది?" అని తను అడిగింది. "గడ్డి కాలుస్తున్నాం తల్లీ," అన్నాడు. గడ్డి కాలితే మనుషులు అలా అరవరని అప్పుడు తెలియదు. తెలిసిన వయసులో అడగలేదు.

"మా అమ్మ ఆ పొగలోనే పోయింది," అంది తొమాసా. "నేను వచ్చి మీ చెల్లెలికి పాలిచ్చాను. నా పిల్లాడు బతకలేదు కాబట్టి పాలున్నాయి."

"ఇన్నేళ్ళూ ఒక్కమాటా అనలేదు నువ్వు."

"ఎవరడిగారు?" తొమాసా గొంతు మొదటిసారి లేచింది. "మీ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగారా? ఉప్పు తెమ్మన్నారు, పిల్లను ఎత్తుకోమన్నారు. ఇవాళ మీకు గుట్ట కావాల్సి వచ్చింది, అడిగావు. విను బెనిగ్నా. నిజమే చెబుతాను, మొత్తం చెబుతాను. మా వాళ్ళు మిగిలిన పది మందో పదిహేను మందో ఊట దగ్గర మళ్ళీ ఇళ్ళు వేసుకుంటారు. అవునని మీ అమ్మ ఆ దొర ముందు అనాలి. అనకపోతే నాకు నోరు లేదు."

తొమాసా నోట 'గారు' లేకుండా తన పేరు వినడం బెనిగ్నాకు అదే మొదలు.

* * *

"ఏమన్నావు? మళ్ళీ అను."

ఎదువిహెస్ దొరసాని జపమాల ఒళ్ళో పడేసి కూతురి మొహంలోకి చూసింది.

"ఇళ్ళు వేసుకోనిద్దామంటున్నానమ్మా. లోయ అంతా పోవడం కంటే..."

"అంట్లు తోమిన చేత్తో నా పట్టాకు షరతు రాస్తుందా అది?"

"షరతు అది రాయలేదమ్మా. గవర్నరే రాశాడట. నిజమేనా?"

దొరసాని ఒళ్ళోని జపమాల మళ్ళీ చేతికి తీసుకుంది. గోడమీద ఆరిపోయిన చాక్లెట్టు చారల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి.

"నాన్న నిప్పు పెట్టించాడట. అదీ నిజమేనా?"

"నోర్ముయ్!" ముసలామె ఒక్క ఉదుటున లేచింది. "మీ నాన్న ఎలుగుబంట్లతో పోరాడి ఈ లోయను లోయ చేశాడు. ఆయన మట్టిలో కలిశాక, పళ్ళూడిన దాసి చెప్పిందని ఆయన్ని హంతకుడు చేస్తావా? పరాయివాడి ముందు, యాంకీల ముందు, నా మొగుడు ఇళ్ళు తగలబెట్టాడని నా చేత ఒప్పిస్తావా?"

"అబద్ధమైతే అబద్ధమని చెప్పు, అమ్మా. నేను తొమాసా కాళ్ళమీద పడి క్షమాపణ అడుగుతాను. చెప్పు."

 అబద్ధమన్న చిన్నమాట ఒక్కటి చాలు. ఆ మాట కోసం బెనిగ్నా కాచుకుని నిలబడింది. అది రాలేదు.

కాసేపటికి దొరసాని నల్ల శాలువా తీసి తలమీద కప్పుకుంది. గొంతులో కోపం లేదు. దానికే భయమేసింది బెనిగ్నాకు.

"బండి కట్టించు. తొమాసాను కూడా ఎక్కించుకో. నేనే వస్తాను."

దారిపొడవునా ఎడ్లబండి చక్రాలు కీచుమన్నాయి. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. బెనిగ్నా గుర్రం మీద పక్కనే వస్తూ, ఆ భయం పక్కన పెట్టి, అమ్మ మెత్తబడిందనే నమ్మింది.

* * *

ఊట దగ్గర మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి ఉంది. సర్వే దొర ఓల్కాట్ ఎండకు కమిలిన మొహంతో దాని వెనక చెమట తుడుచుకుంటున్నాడు. ప్రూయిట్ తన గుర్రపుబండికి ఆనుకుని, తెచ్చుకున్న ఇద్దరు మనుషులతో పొగాకు నములుతున్నాడు. బండిలో కంబళి మీద పిల్ల నిద్రపోతోంది. సెరాఫీనా ఎటూ కాకుండా, సరిగ్గా మధ్యలో నిలబడింది.

మాటలు తనే అటూ ఇటూ చెబుతానని ప్రూయిట్ ముందుకొచ్చాడట. గుంజలు పాతినవాడి నోటితో వద్దన్నాడట సర్వే దొర. ఈ ఇంటి కూతురు, ఆ ఇంటి భార్య, ఆవిడైతే ఇద్దరి మనిషి అన్నాడట.

"పట్టాదారు భార్యను అడుగుతున్నాడమ్మా," అంది సెరాఫీనా, తల ఎత్తకుండా. "గుండ్రటి గుట్ట ఏదో చేత్తో చూపించమంటున్నాడు."

బండి లోయ దారి మొదట్లోనే ఆగింది, దొరసాని దిగలేదు. బండిలోనే నిటారుగా కూర్చుంది. శాలువాలోంచి ఎండిన చెయ్యి బయటికి వచ్చింది.

అది ఇవతలి గుట్టను చూపింది.

బెనిగ్నాకు తన కళ్ళమీద నమ్మకం పోయింది. "అమ్మా! అటు కాదు!"

"అదే గుట్ట," అంది దొరసాని. "నా మొగుడు కొలిపించింది దానిదాకానే. ఊట మాకెప్పుడూ లేదు. లేని ఊట దగ్గర మేం ఎవరి ఇళ్ళూ కాల్చలేదు. చెప్పవే సెరాఫీనా, నీ మొగుడి కళ్ళు చల్లబడతాయి."

సెరాఫీనా రెండు ముక్కలు ఇంగ్లీషులో అంది. ప్రూయిట్ పొగాకు ఉమ్మి, టోపీ ఎత్తి అత్తగారికి వంగి దండం పెట్టాడు. అతని మనుషులు నవ్వారు.

ఆ నవ్వుతో బెనిగ్నా కోపం నషాళానికి ఎక్కింది. గుర్రం మీంచి దూకి యంత్రం ముందుకు వచ్చింది.

"మా అమ్మ అబద్ధం చెప్పింది! సెరా, చెప్పు ఆయనకు. అవతలి గుట్ట. చిన్నప్పటి నుంచి నాన్న మంద అవతలి గుట్టదాకా మేసింది. ఊట దగ్గర ఊరుండేది. దాన్ని కదిలించనని మాటిచ్చి పట్టా తీసుకున్నాడు నాన్న. తీసుకుని తగలబెట్టాడు. నేను చూశాను ఆ పొగ. చెప్పు!"

"బెనిగ్నా!" బండిలోంచి కేక. "ఇంకో మాట మాట్లాడితే నాకు కూతుళ్ళు లేరు!"

"లేరనే అనుకో! ఇన్నాళ్ళూ ఆ లోయలో నీళ్ళు తాగాను కదా, అదీ లేదనుకో! ఆ ఊళ్ళోవాళ్ళు లేరనుకున్నట్టే!"

తొమాసా బండి చక్రం పట్టుకుని మెల్లగా దిగింది. "అవతలి గుట్టే," అంది. "పట్టా చదివినప్పుడు నేనిక్కడ, ఈ రాళ్ళ మీద నిలబడ్డాను. మా ఇళ్ళు అదిగో, ఆ చదునులో ఉండేవి. మా అమ్మ చచ్చింది ఇక్కడే. నువ్వు తాగిన పాలు మా పిల్లాడివి, సెరాఫీనా. ఇష్టమైతే చెప్పు, లేకపోతే మానెయ్."

సర్వే దొర సెరాఫీనా వైపు చూశాడు. ఏమంటున్నారని చెయ్యి తిప్పి అడిగాడు.

సెరాఫీనా నిద్రపోతున్న పిల్ల వైపు చూసింది. ప్రూయిట్ ఆమె పక్కకు వచ్చి, మోచెయ్యి పట్టుకుని, చాలా నెమ్మదిగా ఏదో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బెనిగ్నాకు అందులో అర్థమైంది ఒక్కటే: ఆలిస్. పిల్లకు అతను పెట్టుకున్న పేరు. ఈ ఇంట్లో అందరికీ అది అలీసియా.

సెరాఫీనా తన మోచెయ్యి వైపు చూసుకుంది. పట్టుకున్న వేళ్ళ కింద చర్మం తెల్లబడింది.

తర్వాత ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత ఆగకుండా. చెయ్యి విడిపించుకుని అవతలి గుట్టను చూపింది. చదును వైపు తిరిగి, రెండు చేతులూ మంటలా పైకి ఎత్తింది. తొమాసాను చూపింది. తల్లి కూర్చున్న బండిని చూపింది. చివర మొగుడి గుంజల వైపు తిరిగి వేలు పెట్టి ఒక మాట అంది. దానికి ప్రూయిట్ మనుషులిద్దరూ నేలచూపులు చూశారు.

సర్వే దొర చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. యంత్రాన్ని మెల్లగా తిప్పి అవతలి గుట్టకు గురిపెట్టాడు.

"ఏమంటున్నాడే?" అంది బెనిగ్నా.

"ఇవాళ గీత అటే లాగుతాడట." సెరాఫీనా వగరుస్తోంది. "కానీ అమ్మ మాటా రాస్తాడట, మీ మాటా రాస్తాడట, మా ఆయన మాటా రాస్తాడట. తేల్చేది పైవాళ్ళట. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదట."

"చివర్లో నువ్వేమన్నావు?"

"చీకట్లో పాతాడని చెప్పాను. దీపం పట్టుకున్నది నేనేనని చెప్పాను."

కొరడా ఛెళ్ళున మోగింది.

ఇద్దరూ తిరిగి చూసేసరికి ప్రూయిట్ బండి మీద ఉన్నాడు. పగ్గాలు గుంజి గుర్రాలను అదిలిస్తున్నాడు. కంబళి మీది పిల్ల ఉలిక్కిపడి లేచి, తూలి, బండి పలక పట్టుకుంది.

"పిల్ల! ఆపు! పిల్ల ఉంది!" సెరాఫీనా పరిగెత్తింది.

అతను వెనక్కి తిరగలేదు. ఏదో గట్టిగా అరిచాడు. సెరాఫీనా పరుగు మధ్యలోనే తూలింది. "నాది కాదంటున్నాడక్కా! చట్టం ప్రకారం పిల్ల తండ్రిదంటున్నాడు! నన్ను మా అమ్మతోనే ఉండమంటున్నాడు!"

లోయలోంచి పైకి ఒకటే దారి. రెండు బండ్లు పట్టని ఇరుకు దారి. ఆ దారికి అడ్డంగా ఎదువిహెస్ దొరసాని ఎడ్లబండి నిలబడి ఉంది.

ప్రూయిట్ గుర్రాలను లాగి ఆపాడు. పక్కకు తియ్యమని టోపీతో సైగ చేశాడు.

"అమ్మా, తియ్యకు!" బెనిగ్నా గొంతు చించుకుంది. "అమ్మా, కదలకు! మేం వస్తున్నాం!"

దొరసాని అల్లుణ్ణి చూసింది. బండిలో ఏడుస్తున్న మనవరాలిని చూసింది. కింద పరిగెత్తుకొస్తున్న ఇద్దరు కూతుళ్ళను చూసింది. ఆమె దవడ బిగుసుకుంది.

బండివాడి చేతిలోంచి ములుకోల లాక్కుని ఎడ్లను తనే పొడిచింది.

ఎడ్లు పక్కకు తిరిగాయి. దారి తెరుచుకుంది.

గుర్రపుబండి దుమ్ము లేపుకుంటూ ఆమె పక్కనుంచి వెళ్ళిపోయింది. "అమ్మమ్మా!" అన్న కేక ఒకసారి వినిపించి చక్రాల చప్పుడులో కలిసిపోయింది. దొరసాని తల తిప్పి కొండవైపు చూస్తూ కూర్చుంది.

బెనిగ్నా తల్లి బండి ముందు ఒక్క క్షణం ఆగింది.   వెనక్కి ఉరికి గుర్రమెక్కి, చెల్లెలి చెయ్యి అందుకుని తన వెనకకు లాక్కుంది.

"గట్టిగా పట్టుకో," అంది. "ఈ కొండల్లో దారులు వాడికంటే నాకు బాగా తెలుసు."

"అడ్డం వెళ్ళి ఆపితే..." సెరాఫీనా అక్క నడుం చుట్టూ చేతులు బిగించింది. "అక్కా, వాడి సీటు కింద తుపాకీ ఉంది."

బెనిగ్నా మడమలతో గుర్రం డొక్కల్లో పొడిచింది.